నలభై రెండో ‘లేదు’

ఇపుయ్ ముప్ఫై ఒకటో ‘లేదు’ గీసి, రెల్లు కలాన్ని నీళ్ళ చిప్పలో ముంచాడు. రెండు పక్కలకీ చాచిన చేతులు, అదే ఆ అక్షరం. ఈజిప్టులో చచ్చినవాడు నలభై రెండు మంది దేవుళ్ళ ముందు నిలబడి దొంగిలించలేదు, చంపలేదు అని చెప్పుకోవాలి కదా. ఆ మాటలు రాసిన చుట్టను శవంతో పాటే సమాధిలో పెడతారు. మిగతా వాక్యమంతా ఇతర లేఖకులు రాస్తారు. ప్రతి వాక్యం మొదట్లో ఈ చేతులు మాత్రం ఇపుయ్ పెట్టాలి. ముప్ఫై ఏళ్ళుగా ఇదే చాకిరీ. ఇళ్ళలో ఆ మాట ఇప్పుడెవరూ పలకరు. జనం నోట ‘లేదు’ ఎప్పుడో మారిపోయింది. దేవుళ్ళకు మాత్రం తాతలనాటిదే కావాలి.

"ఏం, ‘లేదు’ తాతా!" పక్కన కూర్చున్న కెన్నా వేళాకోళం చేశాడు. "నీ చెయ్యి పడితేగానీ మన ఊరి దొంగలు పుణ్యాత్ములు కారు!"

ఇపుయ్‌కి నవ్వే ఓపిక లేదు. మెడ పట్టేసింది. నలభై రెండూ ముగించి, మధ్యాహ్నానికి కాళ్ళీడ్చుకుంటూ ఇల్లు చేరాడు.

భార్య హెనుత్ రొట్టె, ఉల్లిపాయ పెట్టింది. మూలనున్న బుట్టలో అతని సొంత పపైరస్ చుట్ట ఉంది. నీళ్ళు పడి పాడైందని పనిచోట పారేస్తే తెచ్చుకుని, తన పేరు రాసుకున్నాడు. నలభై ఒక్క వాక్యాలకు చేతులు పెట్టాడు. ఒక్కదానికి పెట్టలేదు. ‘ఎవరినీ ఏడిపించలేదు’ అని ఉండాల్సిన చోట ‘ఏడిపించాను’ అనే ఉంది.

"ఆ ఒక్కటీ గీసెయ్యరాదూ? అక్కడ పాపుల్ని తినే ఆ మొసలిమూతి రాక్షసి నిన్ను మింగేస్తుందయ్యా."

"మన పిల్లను పాతిపెట్టిన రోజు కూడా పనికి పోయాను. గుమ్మంలో కూర్చుని ఏడ్చావు నువ్వు. ఎలా గియ్యమంటావే?"

"పోకపోతే తిండెవడు పెడతాడు? ఎప్పటి మాట అది!"

"ఏడ్చావా, లేదా?"

హెనుత్ ఇంకో ఉల్లిపాయ అతని ముందుకు తోసింది.

కాసేపు నడుం వాలుస్తానని అతను చాప మీద పడుకున్నాడు. పనివేళైందని హెనుత్ లేపబోతే ఒళ్ళు చల్లగా తగిలింది. చాలాసేపు అతని చెయ్యి పట్టుకునే కూర్చుంది.

ఇరుగుపొరుగును పిలవకముందే బుట్టలోంచి చుట్ట తీసింది. ఆమెకు చదువు రాదు. ఆ ఖాళీ చోటు మాత్రం తెలుసు, అతను ఎన్నోసార్లు గోటితో చూపించాడు. అతని కలం నల్లరంగులో ముంచి గీసింది.

"నేను ఏడవలేదు, విన్నారా?" అంది దేవుళ్ళతో, కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతుంటే.

ఒళ్ళో పరిచిన ఆ చుట్ట మీద కొత్తగా చాచిన చేతులు, ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా, ఇంకా తడి ఆరలేదు.