పేరు మామది, ప్రయాణం అల్లుడిది

నేను ఒక మరచెంబును. మామూలు చెంబు అనుకునేరు, కాదు. మర తిప్పి బిగించే మూత, పట్టుకోవడానికి కమ్మి ఉన్నదాన్ని. బుడితి ఊళ్లో కంచరి కొలిమిలో పుట్టిన ఇత్తడిని. ఒకప్పుడు ఊరు దాటి వెళ్లే ప్రతివాడి చేతిలోనూ నేనే. ఇప్పుడు ప్లాస్టిక్ సీసాలొచ్చి మా జాతిని అటకలెక్కించాయి. తాగి కిటికీలోంచి విసిరేసే ఆ సీసాలను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాటి మీద ఎవడైనా పేరు కొట్టించుకుంటాడా, చెప్పండి!

పేరు సంగతి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే నా బతుకులో జరిగిన రభస అంతా దానివల్లే. మా వైపు ఆడపిల్లకి సారె పెట్టేటప్పుడు ఇత్తడి సామాను మీద పేరు కొట్టిస్తారు. వాడుకునేవాళ్ల పేరు కాదు, పెట్టినవాళ్ల పేరు. రేపు అత్తింట్లో మాటామాటా వస్తే ‘ఇది మా అయ్య పెట్టింది’ అని పిల్ల బోర్లించి చూపించాలి కదా. సూరాడ కొర్లయ్య అని ఒక పడవ మనిషి. కూతురు పోలమ్మ పెళ్లికి ఒక బిందెనీ నన్నూ కొన్నాడు. ఇద్దరి కడుపు మీదా ‘సూరాడ కొర్లయ్య’ అని చుక్కలు చుక్కలుగా కొట్టించాడు. అది చాలదన్నట్టు చివర ఒక చేప బొమ్మ. అబ్బా, ఆ ఉలి దెబ్బలకి నా ప్రాణం పోయినంత పనైంది.

పోలమ్మ మొగుడు చోడిపల్లి ఎర్రయ్య. మంచివాడు, కాస్త మాటకారి. పెళ్లయిన మరుసటేడు వలలో చేప పడలేదు. ఊళ్లో కుర్రాళ్లందరూ రంగం బయల్దేరారు. రంగమంటే బర్మాలో రంగూన్ పట్నం. అక్కడ బియ్యం మిల్లుల్లో కూలి దొరికేది. కడుపుతో ఉన్న పోలమ్మ నన్ను అతని చేతికిచ్చి, “ఓడలో నీల్లకి ఒకల్ని అడక్కు” అంది. అదీ ఆవిడ పౌరుషం. కళ్లల్లో మాత్రం నీళ్లు తిరిగాయి.

రంగంలో నేను చూసిన మనుషులు వింతవాళ్లు. ఇంటి మీద బెంగతో రాత్రంతా ఏడ్చినవాడే తెల్లారేసరికి అక్కడ ఇంకో కాపురం వెతుక్కునేవాడు. ఎర్రయ్య అలా కాదు. మిల్లు నుంచి రాగానే నన్ను తలకింద పెట్టుకుని పడుకునేవాడు. మెడ నొప్పి పుట్టినా సరే, దిండు కొనలేదు. ఒకరోజు ఊరినుంచి వచ్చినవాడెవడో “ఒరే, నీకు కూతురు పుట్టింది” అన్నాడు. ఎర్రయ్య గంతులేశాడు. మర్నాడే బజారుకెళ్లి పసిపిల్ల చేతికి వేసే వెండి మురుగులు కొన్నాడు. దొంగల భయానికి వాటిని దూదిలో చుట్టి నా కడుపులో పెట్టి మూత బిగించాడు. నీళ్లు మోయాల్సిన దాన్ని నగలు మోస్తూ మహారాణిలా ఓడెక్కాను.

ఒడ్డు ఇంకెంతో దూరం లేదనగా తుఫాను పట్టుకుంది. ఓడ ఒరిగింది. ఎర్రయ్య తువ్వాలుతో నన్ను నడుముకి కట్టుకుని నీళ్లలోకి దూకాడు. గాలి బిగిసిన కడుపు నాది, నేను తేలాను. కానీ చెంబుని, తెప్పని కాదు. అతన్ని తేల్చలేకపోయాను. అది తలుచుకుంటే ఈనాటికీ నాకు దుఃఖం ఆగదు.

మేమిద్దరం గుల్లలపాలెం ఒడ్డుకి చేరాం. దాలమ్మ అనే పల్లెమనిషి మమ్మల్ని చూసి కేకేసింది. జనం మూగారు. గ్రామ మునసబు వచ్చి, శవాన్ని చూసి, నన్ను చూసి, నా మీది పేరు చదివి, కాగితాల కట్ట తీశాడు. మృతుడి పేరు: సూరాడ కొర్లయ్య! నాకు నోరుంది గానీ మాట లేదు. ఒరే నాయనా, అది మామ పేరురా, అల్లుడి పేరు కాదురా అని అరవాలనిపించింది. పాపం, ఆయన చేపలు పట్టే మా పల్లెజనంలోవాడు కాడు. సారె చెంబు మీద ఎవరి పేరుంటుందో ఆయనకేం తెలుసు?

పల్లెవాళ్లు ఎర్రయ్యని ఇసక దిబ్బ వెనక పూడ్చారు. దాలమ్మ నా మూత తిప్పింది. వెండి మురుగులు చూసి గొల్లుమంది. “ఈడికి పసిబిడ్డుందే! ఎవులైనా ఒస్తే ఇయ్యాల” అని మళ్లీ దూదిలో చుట్టి నా కడుపులోనే దాచింది. ఎంత గడ్డు రోజులొచ్చినా ఆ ఇంట్లో వాటి జోలికి ఎవరూ పోలేదు. మనుషుల్ని ఎప్పుడూ ఆడిపోసుకునే నేను ఈ ఒక్క ఇంటికి మాత్రం చేతులెత్తి దండం పెడతాను. చేతుల్లేవనుకోండి.

ఏటా అతను కొట్టుకొచ్చిన అమావాస్యకి దాలమ్మ మురుగులు తీసి పక్కన పెట్టి, నన్ను తోమి, బావినీళ్లు నింపి, దిబ్బ దగ్గరికి తీసుకెళ్లేది. “ఉప్పునీలు తాగి పోనోడు. ఆడికి మంచినీలు పొయ్యాల” అనేది. ఇసకలో నీళ్లు వంపుతూ “కొర్లయ్యా, తాగు నాయినా” అని పిలిచేది. అక్కడ కొర్లయ్యేమో తన ఊళ్లో చుట్ట కాల్చుకుంటూ నిక్షేపంలా ఉన్నాడు! దాలమ్మ పోయాక ఆ పని కోడలు కాములమ్మ చేతికొచ్చింది. దేశానికి స్వతంత్రం వచ్చింది, రంగం ఓడలు ఆగిపోయాయి, కాములమ్మకీ జుట్టు నెరిసింది, నీళ్లు పోయడం మాత్రం ఆగలేదు.

ఒకనాడు గుమ్మంలో ఎండుచేపల గంప దిగింది. గంప దించిన మనిషికి అరవై దాటి ఉంటాయి. పేరు గున్నమ్మ. మంచినీళ్లడిగి, తాగి, తన గోడు వెళ్లబోసుకుంది.

“మా అయ్య రంగం ఎల్లినాడప్పా. నాను పుట్టీసరికే లేడు. ఓడ మునిగిపోనాదని అమ్మంటది. ఓడే ఎక్కలేదు, ఆడికి అక్కడ ఇంకో పెల్లాముందని ఊరంటది. అమ్మ బొట్టు తియ్యలేదు, గాజులు తియ్యలేదు. మొన్న పోతా పోతా నా సెయ్యి పట్టుకుంది. ఓడెక్కినాడే, మనకోసమే ఒచ్చుంటాడు, ఎక్కడో రాసుంటది సూడు అంది.”

అప్పట్నుంచి ఆవిడ చూస్తూనే ఉంది. రేవు ఆఫీసులో అడిగితే కూలి జనానికి తలలే లెక్కపెట్టారు, పేర్లు రాయలేదన్నారు. తాలూకా ఆఫీసులో చోడిపల్లి ఎర్రయ్య అనే చావే లేదన్నారు. ఇక లాభం లేదని గంప నెత్తినెత్తుకుని, ఆ తుఫానుకి కొట్టుకొచ్చినవాళ్లని ఎక్కడ పూడ్చారో పల్లెపల్లెకీ తిరిగి అడుగుతోంది.

“మా దిబ్బకాడ ఒకడున్నాడు గానీ, మీ అయ్య కాదప్పా,” అంది కాములమ్మ జాలిగా. “సూరాడ కొర్లయ్యంట.”

గున్నమ్మ ముందు తెల్లబోయింది, తరవాత పకపకా నవ్వింది. “కొర్లయ్యేటి? ఆడు మా తాత! నా పెల్లిలో బువ్వ తిన్నాడు, మంచం మీద పోనాడు. నా సిన్నప్పుడు తలారి ఒకడు, నివ్వు సచ్చిపోనావా అని మా తాతనే అడగడానికి ఒచ్చినాడంట. సచ్చినోడు ఇలగ చుట్ట కాలస్తాడేటి, ఎవుడో ఇంకో కొర్లయ్యుంటాడు పో అన్నాడంట తాత. ఆ కత సెప్పుకుని ఎన్నేళ్లు నవ్వినామో!”

కాములమ్మ లోపలికొచ్చి, నన్ను తీసుకెళ్లి ఆవిడ ఒళ్లో పెట్టింది.

గున్నమ్మకి చదువు రాదు. కానీ నా తోబుట్టువు బిందె ఇంకా ఆవిడ ఇంట్లోనే ఉంది, చింతపండేసి రోజూ తోముతుంది. వేళ్లు నా మీది చుక్కల వెంట నడిచి, చేప బొమ్మ దగ్గర ఆగిపోయాయి. నవ్వూ ఆగిపోయింది.

“ఇది మా అమ్మ సారె సెంబు,” అంది. “అయ్య రంగం పట్టుకెల్లిన సెంబు.”

మూత తిప్పింది. దూది విప్పింది. ఆ మురుగులు ఇప్పుడు ఆవిడ రెండు వేళ్లకైనా పట్టవు. వాటిని గుండెకదుముకుని, “ఒచ్చీసినాడమ్మా! నా కోసం ఒచ్చీసినాడు!” అని చంటిపిల్లలా ఏడ్చింది. కాములమ్మా ఏడ్చింది. నేను ఇత్తడిని కాబట్టి సరిపోయింది.

ఆ సాయంత్రం దిబ్బ మీద నీళ్లు పోసింది గున్నమ్మే. “అయ్యా” అని ఒక మనిషిని పిలవడం ఆవిడకి అదే మొదటిసారి.

తరవాత ఇద్దరూ నన్ను పట్టుకుని తాలూకా ఆఫీసుకెళ్లారు. అక్కడి గుమస్తా ఓపికున్న మనిషి. పాత చావుల రిజిస్టరు దులిపి చదివాడు: సూరాడ కొర్లయ్య, పురుషుడు, సుమారు పాతికేళ్లు, సముద్రంలో మునిగి. తారీఖు కూడా ఉంది. ఆ కొర్లయ్య ముసలితనంలో మంచం మీద పోయాడని గున్నమ్మ చెప్పింది. “ఒక మనిషి రెండుసార్లు చనిపోవడం ఏమిటండీ?” అని బుర్ర గోక్కున్నాడు. బల్ల మీదున్న నన్ను తిప్పి తిప్పి చూశాడు, సారె సంగతి విన్నాడు, అర్జీ రాయించాడు. పైవాళ్లు కొన్నాళ్లు తిప్పారు, తిప్పకపోతే వాళ్లు పైవాళ్లెలా అవుతారు? చివరికి ఆ పేరు పక్కన ఎర్రసిరాతో ఎర్రయ్య పేరెక్కింది. గున్నమ్మ ఆ నకలు పట్టుకుని ఊరంతా తిరిగింది. రంగంలో ఇంకో పెళ్లాం అన్నవాళ్ల గుమ్మాల ముందు కాసేపు ఎక్కువే నిలబడింది.

కాములమ్మ నన్ను ఇచ్చేసింది. ఏటా ఆ అమావాస్యకి నేను గుల్లలపాలెం రావాలని మాత్రం ఒట్టు వేయించుకుంది. ఇప్పుడు గున్నమ్మ ఇంట్లో బిందె పక్కన కూర్చున్నాను. మా ఇద్దరికీ చెప్పుకోవడానికి బోలెడు కబుర్లున్నాయి.

మొన్న వీధిలోకి పేర్లు కొట్టేవాడొచ్చాడు. గున్నమ్మ నన్ను వాడి ముందు పెట్టింది. పాత పేరు కింద చోడిపల్లి ఎర్రయ్య అని కొట్టమంది. కొట్టాడు.

“అయిపోయింది మామ్మా,” అన్నాడు ఉలి దించి.

“అవలేదు బాబూ. దాని కింద ఇంకో మాట కొట్టు. ఇంటికొచ్చినాడు అని కొట్టు.”

ఉలి మళ్లీ లేచింది. ఈసారి నాకు నొప్పనిపించలేదు.