దూలం సొంత బరువు

భర్త చీజ్ గడ్డను మళ్ళీ జారుడుబల్లలా ఒకవైపే కోసిపెట్టాడని హిల్లెవికి పొద్దున్నే ఒళ్ళు మండింది.

"సమంగా కొయ్యి, లేదంటే ముట్టుకోకు. ఎన్నేళ్ళు చెప్పాలి?"

"అబ్బో, మిల్లీమీటర్లు కొలిచే ఇల్లు మరి!" ఫోల్కె కోటు తగిలించుకుని, తాను పాఠాలు చెప్పే బడికి వెళ్ళిపోయాడు.

ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. నిజంగానే ఒకప్పుడు ఆమె మిల్లీమీటర్లు కొలిచేది. లుండ్ ఊరి ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో కాంక్రీటు దూలం నడుమ రంపంతో చిన్న గాటు పెట్టి, యంత్రం కింద మెల్లమెల్లగా విరిచేవారు. పగులు పైకి పాకుతుంటే యంత్రానికున్న కలం కాగితం మీద కొండలాంటి గీత గీసేది. ఆ కొండ కింది వైశాల్యాన్ని బట్టి, కాంక్రీటును చీల్చడానికి ఎంత శక్తి కావాలో తేలేది. బిడ్డ టూవె పుట్టాక ఆ పని మానేసింది. ఆరేళ్ళయినా వంతెన కింద నడిస్తే చెయ్యి దానంతటదే పగుళ్ళ మీదికి పోతుంది. తడి సిమెంటు వాసన తగిలితే కాళ్ళు ఆగిపోతాయి.

మధ్యాహ్నం ల్యాబు నుంచి పాత స్నేహితురాలు గున్వర్ ఫోన్ చేసింది.

"తల పగిలిపోతోందే! అన్ని దూలాలకూ ఒకటే కాంక్రీటు. పెద్ద దూలాలకు మాత్రం శక్తి తక్కువ చూపిస్తోంది."

"దూలం సొంత బరువు కలిపారా?"

"లేదు, యంత్రం నొక్కిన బరువే లెక్కేశాం."

"దాని బరువు కూడా మొదటినుంచీ దాన్ని విరుస్తూనే ఉంటుంది కదే. గీతలో కనపడదు, అంతే."

"అమ్మ దొంగా! మూడు వారాలు బుర్రలు బద్దలు కొట్టుకున్నాం. విను, ఇక్కడ ఒకపూట ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉంది. ప్రొఫెసర్ గారు సాయంత్రంలోగా పేరు చెప్పమన్నారు. నీ పేరు ఇవ్వనా?"

"నేనే ఫోన్ చేస్తాను," అని హిల్లెవి పెట్టేసింది. చాలాసేపు తన చేతులనే చూసుకుంది. శుభ్రంగా, మెత్తగా, సబ్బు వాసనతో ఉన్నాయి. మళ్ళీ ఫోన్ అందుకుంది.

గురువారం కనుక ఆనవాయితీగా రాత్రి భోజనానికి బఠాణీ సూపు, తర్వాత పాన్‌కేకులు. టూవె అప్పుడే జామ్ సీసా ఒళ్ళో పెట్టుకుంది.

"ఏంటి, గరిటె పట్టుకుని అలా నిలబడిపోయావు?" అన్నాడు ఫోల్కె.

"సోమవారం నుంచి పొద్దున పూట ల్యాబుకు వెళ్తున్నాను. టూవెను ఆటబడిలో నువ్వే దింపాలి."

"నాతో ఒక్క మాటైనా అనలేదేం?"

"చెబితే ఆలోచిద్దాం అంటావు. ఆరేళ్ళు ఆలోచించాను, ఫోల్కె. వస్తానని చెప్పేశాను."