యంత్రం బాగా నేర్చుకున్న సైగ

మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర అత్తగారు ఏదో అన్నారు. పెద్దకొడుకు పొట్ట పట్టుకుని నవ్వాడు. పెద్దకోడలికి చెవులు వినపడవు. ఏమిటని మరిదిని సైగతో అడిగింది. అతను అరచేయి గాలిలో అటూ ఇటూ ఊపాడు. ఏమీ లేదు. ఆమె కంచంలోకి తల దించుకుంది. ఇందులో తప్పేముంది అంటారా? చాలా ఇళ్లల్లో జరిగేదే. అందుకే అది తప్పులా కనిపించదు.

ఆమె దర్జీ. వీధివైపు గదిలో ఆమె కుట్టుమిషను, గుడ్డలు కత్తిరించే బల్ల, కొలతల పుస్తకం ఉంటాయి. ఆ గదే ఆమెకు సర్వస్వం. కిందటి నెల ఒక వడ్రంగి వచ్చి దాని గోడలకు టేపు పెట్టి కొలిచాడు. ఎందుకని అడిగితే మొగుడు అరచేయి ఊపాడు, అత్తగారూ అంతే. అప్పటినుంచి ఆమెకు మనసు మనసులో లేదు. ఇంట్లో ఇద్దరు పెదవులు కదిపితే చాలు, కుట్టే గుడ్డ పక్కన పడేసి గుమ్మంలోకి వచ్చి నిలబడేది.

“అనుమానప్పక్షి! దీంతో ఎలా వేగాలో!” అని అత్తగారు ఆమె ఎదుటే అనేవారు. ఎలాగూ వినపడదుగా!

మరిది సైగల భాష నేర్పే కంప్యూటర్ ఆట ఒకటి తయారు చేస్తున్నాడు. ఆడేవాళ్లు కెమెరా ముందు సైగ చేస్తే యంత్రం గుర్తుపట్టాలి. అందుకు ముందుగా దానికి బోలెడన్ని సైగలు చూపించి, ఇది నీళ్లు, ఇది అమ్మ అని నేర్పాలి. అందరికీ చెప్పే భోజనాల బల్ల మీద కెమెరా పెట్టాడు.

“ఒరేయ్, ఆ కన్ను మనింటి గుట్టంతా ఎక్కడికి మోస్తుందో!” అని తల్లి గొణిగింది.

నెలరోజులకు కుప్పలకొద్దీ వీడియోలు పోగయ్యాయి. సైగల భాష తెలిసిన ఒక పంతులమ్మ వాటిని ముక్కలు చేసి, ఏది ఏ సైగో రాసిచ్చింది. అతను ఒక్కటీ తెరిచి చూడకుండా అన్నీ యంత్రానికి అందించేశాడు.

పరీక్షకు వదినను కూర్చోబెట్టాడు. ఆమె సైగతో ‘నీళ్లు’ అంది. తెరమీద ‘ఏమీ లేదు’ అని పడింది. ‘అమ్మ’ అంది. ‘ఏమీ లేదు’. ‘ఆకలి’ అంది. మళ్లీ అదే.

ఆమె మరిది వైపు తేరిపార చూసింది. “దీనికి కూడా చెప్పిపెట్టావా?” అని సైగ చేసింది.

అతను గతుక్కుమన్నాడు. యంత్రంలోనే ఏదో లోపం ఉందనుకుని వీడియోలు తెరిచాడు. ‘నీళ్లు’ పదకొండు. ‘అమ్మ’ తొమ్మిది. ‘ఏమీ లేదు’ నాలుగువందల పన్నెండు! యంత్రం తప్పు చేయలేదు, ఎక్కువసార్లు చూసినదాన్నే నేర్చుకుంది. ఆ ఊగే చేతుల్లో సగం అతనివే.

ఒక వీడియోలో వదిన ఏమిటని అడుగుతోంది, మూడు అరచేతులు ఒకేసారి ఊగుతున్నాయి. వెనక కనిపిస్తున్న తల్లి అంటోంది: “దానికి చెప్పొద్దురా. ముందు నీ సామాను ఆ గదిలో పెట్టెయ్, తర్వాత అదే సర్దుకుంటుంది.”

“అత్తయ్య ఏమంటున్నారు?” అని వదిన అతని భుజం తట్టి అడిగింది.

అతని అరచేయి అలవాటుగా పైకి లేచింది. సిగ్గుతో దించుకున్నాడు. తర్వాత తడబడుతూ, వచ్చీరాని సైగలతో చెప్పాడు: “నీ గది నాకు ఆఫీసుకి ఇస్తున్నారు. నీ మిషను వెనక వరండాలో పెడతారు. నాకు ముందే తెలుసు వదినా.”

ఆమె లేచి వెళ్లి అత్తగారినీ మొగుడినీ పిలుచుకొచ్చింది. ఆమె సైగ చేసిన ప్రతి మాటా మరిది పైకి చెప్పాడు.

“వడ్రంగి నా గదే కొలిచాడు కదా? నెలరోజులుగా నాకే మతి చెడిందేమోనని కుమిలిపోయాను.”

అత్తగారు నీళ్లు నమిలారు. “నువ్వు బాధపడతావనే చెప్పలేదమ్మా” అన్నారు. మరిది అదీ సైగల్లో చెప్పాడు.

“గది నీదే వదినా. నేనే వరండాలో సర్దుకుంటాను” అన్నాడు తనవంతుగా.

“గది గురించి తర్వాత మాట్లాడదాం. నాది ఉత్త అనుమానమని మీరు నవ్వుకోవడం నాకు మీ మొహాల్లో కనిపిస్తూనే ఉంది. వినపడకపోవడం నా తప్పు కాదు. చెప్పకపోవడం మాత్రం మీ తప్పే. ఒక మనిషికి అనుమానం ఎక్కువని నవ్వేముందు, ఆ మనిషి దగ్గర ఏం దాచారో ఒకసారి చూసుకోండి.”