క్యాను నీళ్లు

నాకు కోపం ఎక్కువని హాస్టల్లో అందరూ అంటారు. అననీ. ఆరేళ్లు పీహెచ్‌డీ చేసి చూడమనండి, తెలుస్తుంది.

నా పరిశోధన ఏమంత పెద్దది కాదు. కనిగిరి, సి.ఎస్.పురం వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుంది. ఆ నీళ్లు తాగీ తాగీ మా వాళ్ల పళ్లు గారపడతాయి, నలభై దాటేసరికి మోకాళ్లు పట్టేస్తాయి. మా అమ్మ దీనమ్మ చర్చిలో మోకరించలేక కుర్చీలో కూర్చునే ప్రార్థన చేసుకుంటుంది. బోర్ల పక్కన ఇంకుడు గుంతలు తవ్వి వాన నీళ్లను లోపలికి పంపితే ఫ్లోరైడ్ తగ్గుతుందా, తగ్గదా? ఇంతే నా ప్రశ్న. మా ఊళ్లో పన్నెండు బోర్లు తీసుకున్నా, గుంతలు తవ్వించినా. ఏటా మే నెలలో, వాన పడకముందే, బోరు నీళ్లు పట్టుకుపోయి ల్యాబులో చూడాలి. నాలుగేళ్లు నేనే వచ్చినా, నేనే బోరు కొట్టినా, నేనే మోసుకుపోయినా. ఈ మేతో అయిపోతుంది. జూన్ నెలాఖరుకు థీసిస్ ఇచ్చేస్తే ఒంగోలులో ఒక కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం నాకోసం పెట్టి ఉంచినారు. ఇవ్వకపోతే ఉద్యోగం ఇంకొకరికి, నాకు ఇంకో ఏడాది హాస్టలు సాంబారు.

సరిగ్గా అదే మేలో మా యూనివర్సిటీకి తనిఖీ కమిటీ దిగింది. గోడలకు రంగులు, కుండీలకు పూలు. "జెస్సీ, నువ్వు ఎక్కడికీ కదలడానికి లేదు, పోస్టర్ పక్కన నిలబడాలి" అన్నాడు మా గైడ్ సారు.

"నీళ్లు పట్టాలి సార్, ఇదే ఆఖరు."

"ఊళ్లో మీవాళ్లు లేరా? పట్టి పంపరా?"

పట్టుచీర కట్టుకొని నాలుగు రోజులు పోస్టర్ పక్కన నిలబడినా. కమిటీలో ఒకాయన నా పోస్టర్ ముందు ఆగినాడు, కళ్లజోడు తుడుచుకున్నాడు, పోయినాడు. దానికోసం!

ఖాళీ సీసాలు పన్నెండు, ఒక్కోదాని మీద బోరు పేరు రాసి, కనిగిరి బస్సులో వేసి పంపినా. ఫోన్లో అమ్మకు పదిసార్లు చెప్పినా. "సీసా మీద ఏ పేరుంటే ఆ బోరు దగ్గరికే పో. అక్కడే నింపు. మూత గట్టిగా బిగించు."

"అబ్బబ్బ, నేనేమన్నా చిన్నపిల్లనా!" అంది అమ్మ. మూడో రోజుకు సీసాలు వచ్చినాయి, ఒక్క చుక్క కారకుండా.

ల్యాబులో చూస్తే, లీటరుకు ఐదు మిల్లీగ్రాములు ఉండాల్సిన ఫ్లోరైడ్ సున్నా పాయింట్ రెండు! పన్నెండు సీసాలూ అంతే. గైడ్ సారు మిఠాయి తెప్పించినాడు. నేనూ ఎగిరి గంతేసినా, దాచుకునేదేముంది. ఆ సాయంత్రానికే యూనివర్సిటీ వార్తల పేజీలో నా ఫోటో, పట్టుచీరతోనే. మర్నాడు జిల్లా పేపర్లో కూడా పడింది: 'పరిశోధక విద్యార్థిని కృషితో ఫ్లోరైడ్‌కు చెల్లుచీటీ'. నాలుగేళ్లు నేను ఏం చేస్తున్నానో అడగనోళ్లంతా ఫోన్లు చేసినారు.

మూడు వారాల తర్వాత థీసిస్‌లో పట్టిక వేస్తుంటే అప్పుడు కనపడింది. ఫ్లోరైడ్ ఒక్కటే కాదు, ఉప్పులన్నీ పన్నెండు బోర్లలోనూ దాదాపు ఒకటే ఉన్నాయి. అదెట్ల కుదురుతుంది? మాలకొండయ్య మామ బోరు నీళ్లకు సబ్బు నురగ కూడా రాదే! సారుతో చెబితే, "ఫలితం బాగా వచ్చినా ఏడుస్తావేంటమ్మా?" అన్నాడు. ఇంక ఆయనతో పెట్టుకోకుండా బస్సెక్కినా.

ఆదివారం పొద్దున ఇల్లు చేరేసరికి తొలివాన పడి వీధంతా బురదగా ఉంది. అమ్మ చెంబుతో నీళ్లిచ్చింది. ఒక గుక్క తాగినా. అదే చవుడు. ఫ్లోరైడ్‌కు రుచి ఉండదు గానీ మా బోరు ఉప్పు నాకు తెలియదా?

"ఇదేంది, బోరువా?"

"మరి? నువ్వు బాగుచేసినవే!" అని నవ్వింది అమ్మ.

"అమ్మా, నిజం చెప్పు. ఆ సీసాల్లో ఏం పోసినావు?"

"నీళ్లే."

"ఏ నీళ్లు?"

"ఏ నీళ్లేంది? మంచినీళ్లే. క్యానువి."

మా ఊళ్లో ఆటోలో వచ్చే క్యాను నీళ్లు డబ్బు పెట్టి కొంటాం, అవి పిల్లలకు, ఇంటికొచ్చిన చుట్టాలకు. ఇంట్లో పెద్దోళ్లకు బోరువే. ఇది నాకు తెలుసు. పుట్టినప్పటి నుంచి తెలుసు. ఫోన్లో పదిసార్లు చెప్పిన నేను, బోరు నీళ్లే పట్టు అనే ఆ ఒక్క ముక్క చెప్పలేదు.

"బోరు దగ్గర నింపమని చెప్పినా కదే!"

"బోరు దగ్గరే నింపినా. క్యాను మోసుకుంటా పన్నెండు బోర్ల దగ్గరికీ పోయినా. ఏ సీసా ఆ బోరు దగ్గరే నిలబడి పోసినా, ఒక్కటి తప్పలేదు. మన ఇంట్లో ఉన్న సగం క్యాను సరిపోక మాలకొండయ్య అన్న ఇంట్లోది కూడా తెచ్చినా." అమ్మకు కూడా కోపమొచ్చింది. "అంత పెద్ద సార్లు ఊరిని నీళ్లడిగితే ఈ పాడు నీళ్లు పంపుతామా? నలుగురు వింటే మొహాన ఉమ్మెయ్యరూ?"

మే నెల ఎండలో, ఆ మోకాళ్లతో, క్యాను చంకనెత్తుకొని! తిట్టాలో ఏడవాలో తెలియలేదు నాకు. తిట్టినా. "పోసింది నువ్వే కదా, మళ్లీ పేపర్లో బోరు నీళ్లు బాగయినాయంటే ఎట్ల నమ్మినావు?"

"అన్ని మిషన్లు పెట్టుకున్నోళ్లకు మేం ఏం పోసినామో తెలియదా ఏంది? అసలు సంగతి కనిపెట్టే రాసుంటారు అనుకున్నాం."

ఆరేళ్ల చదువులో నన్ను ఎవరూ ఇట్ల నోరు మూయించలేదు.

గొర్రెలను తోలుకుపోతా మాలకొండయ్య మామ ఆగినాడు. జేబులో మడత పెట్టిన పేపరు ముక్క తీసి చూపించినాడు. "జెస్సమ్మా, నీ పుణ్యాన క్యాను ఆటోని ఇంక రావొద్దని చెప్పేసినాం. మూడు వారాలాయె, వీధి మొత్తం బోరు నీళ్లే."

ఆయన వెనకాల మనవరాలు శివపార్వతి, ఐదేళ్లది, బోరు కింద దోసిలి పట్టి తాగుతా ఉంది. పుట్టినప్పటి నుంచి ఆ పిల్ల నోట్లో క్యాను నీళ్లు తప్ప పోయలేదు వాళ్లు. నన్ను చూసి నవ్వింది. తెల్లటి పళ్లు.

సారుకు ఫోన్ చేసి మొత్తం చెప్పినా. సారు గొంతు తగ్గించి, "ఎవరికీ చెప్పకు. నెలాఖరుకు థీసిస్ ఇచ్చెయ్. వైవా అయిపోయాక నిదానంగా సరిదిద్దుకుందాం. ఉద్యోగం ఊరికే రాదమ్మా, ఆలోచించుకో" అన్నాడు.

ఆలోచించినా. ఆలోచించలేదంటే అబద్ధం. మళ్లీ నీళ్లు పట్టాలంటే వచ్చే మే దాకా ఆగాల్సిందే, వాన పడిపోయింది. వైవా అంటే ఐదారు నెలలు. ఐదారు నెలలే కదా, ఏమవుతుందిలే అని నా మనసే నాకు చెప్పింది. అవతల ఆ పిల్ల ఇంకో దోసిలి పట్టింది.

చర్చికి పోయేసరికి ఆరాధన అయిపోయింది. సత్యానందం పాస్టరుగారిని మైకు అడిగినా. దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెబుతాననుకొని, "స్తోత్రం" అని సంతోషంగా చేతికిచ్చినాడు. వీధి చివరి దాకా వినపడేటట్టు చెప్పినా. "పేపర్లో వచ్చింది తప్పు. బోరు నీళ్లు బాగవలేదు. సీసాల్లో ఉన్నది క్యాను నీళ్లు. తప్పు నాది. పిల్లలకు బోరు నీళ్లు పోయకండి, ఆటోని పిలిపించండి." ఆ చర్చి మెట్ల మీదే కూర్చొని సారుకు, వార్తల విభాగానికి మెయిల్ పెట్టినా. వాళ్లు తప్పయిందని వేస్తారనుకున్నా. సాయంత్రానికి చూస్తే నా పేజీ లేదు. ఎందుకు తీసినారో ఒక్క ముక్క లేదు. పట్టుచీర కూడా మాయం.

ఆటో వచ్చింది. అమ్మ ఇంటి ముందు క్యాను దించుకుంది.

"నీ డాక్టరు పట్టా నా వల్ల పోయిందా?" అంది.

"పోలేదు. ఏడాది ఆలస్యం."

"ఆ ఉద్యోగం?"

నేను క్యాను ఎత్తి అరుగు మీద పెట్టినా. అమ్మకు అర్థమయింది. పైట చెంగుతో స్టీలు గ్లాసు తుడిచి, క్యాను వంచి నిండా నీళ్లు పోసి నా ముందు పెట్టింది. తనకేమో చెంబుతో బోరు నీళ్లు ముంచుకుంది.

ఆ చెంబు లాక్కొని నీళ్లు వాకిట్లో పారబోసినా. గ్లాసు అమ్మ చేతిలో పెట్టినా. "నువ్వు తాగు."

అమ్మ నన్ను వింతగా చూసింది.

"నాకెందుకే ఇవి? నేనేమన్నా చుట్టాన్నా?"

"తాగమ్మా!" అని అరిచినా. వీధిలో పోయేవాళ్లు ఆగి చూసినారు.