నీలం చారల పులి

నాకు పిల్లలంటే ప్రాణమని అందరూ అనుకుంటారు. ప్రాణం మాట దేవుడెరుగు, ముందు నా ప్రాణం తోడేస్తారు. ఇరవై రెండేళ్లుగా పుట్టినరోజులకి వెళ్లి ముఖాలకి రంగులు వేస్తున్నాను, పొడుగు బెలూన్లు మెలిపెట్టి కుక్కపిల్లలు చేసిస్తున్నాను. మా తమ్ముడు జోకర్. ఎర్రముక్కు పెట్టుకుని కుర్చీలోంచి కిందపడటం వాడి పని, పడ్డవాణ్ణి తన్నడం నా పని. ఆ రెండో పని నాకు చాలా ఇష్టం. పిల్లలు నన్ను బుడగలత్త అంటారు.

నాకొక పద్ధతుంది. బాగా కుదిరిన ప్రతి ముఖానికీ ఫోటో తీసి ఆల్బమ్‌లో అతికిస్తాను. పిల్లలు ఆ ఆల్బమ్ తిరగేసి ఏ ఫోటో మీద వేలు పెడితే అదే వేస్తాను. ఎందుకని అడగను, అది నీకు నప్పదని అనను. పిల్లల దగ్గర ‘ఎందుకు’ అని మొదలుపెడితే ఇక ఆ పూట తెమలదు. ఆల్బమ్‌లో ఏ పులిని ఎక్కడ వేశానో, ఏ సీతాకోకచిలుకకి రెక్క వంకరపోయిందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఆ రంగు కింద ఉన్న పిల్లలు మాత్రం ఒక్కరూ గుర్తుండరు. దీనికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు, మొన్న మొన్నటిదాకా.

ఆ శనివారం వెళ్లింది ఒక మేడ ఇంటికి. పాపకి ఆరు నిండాయి. పిలిచింది తండ్రి. గడ్డం మాసిపోయి, మనిషి నీరసంగా ఉన్నాడు. గోడలకి తోరణాలు కట్టాడు గానీ అన్నీ ఒకే పక్కకి వేలాడుతున్నాయి. గుమ్మం పక్కన చెప్పుల అరలో మగపిల్లాడి బూట్లు ఉన్నాయి, మేజోళ్లు లోపలే కుక్కి. వచ్చినవాళ్లలో ఎవరివో అనుకున్నాను.

“మా ఆవిడ పైన పడుకుంది. కేక్ కోసేటప్పటికి వస్తుంది,” అన్నాడు.

“వస్తే వస్తుంది, పోనీండి. ముందు ఒక కుర్చీ, ఒక గిన్నెడు నీళ్లు ఇప్పించండి,” అన్నాను నేను. నా మాట ఎప్పుడూ అంతే, కొట్టినట్టుంటుంది.

పాపని ఇంట్లో చిట్టి అంటారు. బక్కపలచటి పిల్ల, రెప్ప వాల్చని చూపు. మిగతా పిల్లలు ఆల్బమ్ కోసం కొట్టుకుంటుంటే ఇది పక్కన నిలబడి అందరి వంతూ అయ్యేదాకా ఆగింది. తర్వాత పేజీలు ఒక్కొక్కటే తిప్పి, దేన్నో వెతుకుతున్నట్టు చూసి, చివరికి ఒక ఫోటో మీద వేలు పెట్టింది. నీలం చారల పులి. ఎడమ కంటి చుట్టూ నల్లటి మచ్చ.

ఆ పులి నాకు బాగా గుర్తు. ఏడాది కిందట ఒక బడి సంబరంలో వేశాను. పులికి చారలు నల్లగా ఉంటాయిరా అంటే, ఆ కుర్రాడు, “దీనికి చలేసింది, అందుకే నీలం అయిపోయింది,” అని నన్ను నోరెత్తనివ్వలేదు. భలే పులి అని మురిసిపోయాను. ఆ కుర్రాడి ముఖం మాత్రం, చెప్పాను కదా, గుర్తులేదు.

“నోరు మూసుకో. కదిలావంటే పులి కాస్తా పిల్లి అవుతుంది,” అని మొదలుపెట్టాను. కదలలేదు, కనీసం కిలకిలలాడలేదు. స్పాంజి చల్లగా తగిలితే ఏ పిల్లయినా ఒకసారి ఉలిక్కిపడుతుంది. ఇది ఊపిరి బిగబట్టి కూర్చుంది. అయ్యాక అద్దం చూపించాను. అద్దంలోకి చూసి నవ్వలేదు. తల కొంచెం పక్కకి వంచి, ఎడమ భుజం ఎగరేసింది. అంతే, ఇంకెవరో కూర్చున్నట్టయింది నా ముందు.

అప్పుడే తల్లి మెట్లు దిగింది. నలిగిన బట్టలు, దువ్వని జుట్టు. చివరి మెట్టు మీద ఆగి, పాపని చూసి, “పెద్దోడా!” అంది.

చిట్టి “ఆఁ అమ్మా,” అంది. గొంతు బొంగురుగా, మగపిల్లాడిలా.

తండ్రి చేతిలో ఉన్న కేక్ కత్తి కింద పడింది. తల్లి పరుగున వచ్చి పిల్లని వాటేసుకుంది. “వచ్చావా నాన్నా, వచ్చావా,” అంటూ తల నిమురుతోంది. మా తమ్ముడు ఎర్రముక్కు తీసి చేతిలో పట్టుకున్నాడు. సంగతేమిటో నాకు తెలియలేదు.

మేం వెళ్లేటప్పుడు గేటు దగ్గర తండ్రి చెప్పాడు. వాళ్లకి చిట్టి కంటే మూడేళ్లు పెద్దవాడు ఒక కొడుకు. పది నెలల కిందట నాలుగు రోజుల జ్వరంతో పోయాడు. అప్పటినుంచి తల్లి పై గదిలోంచి దిగడం లేదు. ఆల్బమ్‌లో ఉన్న నీలం పులి వాడే. బడి సంబరంలో నేను రంగు వేస్తున్నప్పుడు చిట్టి అన్న పక్కనే కూర్చుని చూసిందట.

“అయ్యో, నాకు తెలిస్తే వేసేదాన్నా!” అన్నాను. తల కొట్టేసినట్టయింది.

“మీ తప్పేం లేదు. ఆమె నవ్వగా చూసి ఎన్నాళ్లయిందో,” అన్నాడతను, కళ్లు తుడుచుకుంటూ.

మరుసటి శనివారం తల్లే ఫోన్ చేసింది. “మీరు రావాలి. వాడు అడుగుతున్నాడు,” అంది. నేను కాదనాల్సింది. వెంటనే తండ్రి ఫోన్ అందుకుని, పుట్టినరోజు నాడు ఆమె కిందికి దిగి అందరితో కూర్చుని భోజనం చేసిందనీ, ఒక్కసారి వచ్చి వెళ్లమనీ బతిమాలాడు. వెళ్లాను. కాదనలేక కాదు, నిజం చెప్పాలంటే ఆ తల్లి నవ్వు నేనూ చూశాను. నా చేత్తో వేసిన రంగు ఒక మనిషిని లేపి కూర్చోబెట్టిందని లోపల పొంగిపోయాను. ఇలాంటి పొగరు నాకు బోలెడుంది.

ఆ వారం చిట్టికి అన్న చొక్కా తొడిగారు. పై వారానికి జుట్టు కత్తిరించారు. రంగు పడేదాకా చిట్టి చిట్టిలాగే ఉండేది. ఎడమ కంటి మచ్చ పూర్తవగానే భుజం ఎగరేసేది, పెన్సిల్ ఎడమచేత్తో పట్టుకునేది. నేను చేతులు కడుక్కుంటుంటే పక్కగదిలోంచి తల్లీకొడుకుల మాటలు వినిపించేవి. అవును, తల్లీకొడుకులనే అనుకున్నాను, నాకు తెలియకుండానే. వెనక్కి తిరిగి చూడటానికి భయం వేసేది. దయ్యాలూ భూతాలూ నేను నమ్మను. అయినా ఆ ఇంట్లో ముగ్గురున్నప్పుడు నలుగురున్నట్టు అనిపించేది, నలుగురిలో లేనిది ఎవరో మాత్రం తెలిసేది కాదు.

ఇంటికొచ్చాక స్పాంజి ఎన్ని నీళ్లతో పిండినా నీలమే వచ్చేది. మా తమ్ముడు గుమ్మంలో నిలబడి చూసి, “అక్కా, జోకర్‌ని నేను. మూతి మీది రంగు తుడుచుకుంటే నేను మళ్లీ నేనే. మరి ఆ పిల్లకి తుడిచేదెవరు?” అన్నాడు.

“నీ ముఖం. పెద్ద తెలిసినట్టు మాట్లాడకు,” అని కసిరాను. వాడి మీద కోపం రాలేదు, వాడు అన్నది నిజమైనందుకు వచ్చింది. ఆ రంగు కడిగేస్తే తల్లి ఏడుస్తోందని పిల్ల రెండేసి రోజులు స్నానం మానేస్తోందట. ఆ సంగతి తండ్రి నాకు ఎంతో సంతోషంగా చెప్పాడు, ఎంత మంచి పిల్లో చూడండి అని.

నాలుగో శనివారం. మేడ మీద పిల్లల గదిలో రెండు మంచాలున్నాయి. కిటికీ పక్కన ఉన్నదానికి కొత్త దుప్పటి పరిచారు. చిట్టి మంచం మీద ఉతికిన బట్టలు కుప్పగా పోసి ఉన్నాయి. పిల్ల ఎక్కడ పడుకుంటోందో అడగకుండానే అర్థమైంది. కుర్చీలో కూర్చోబెట్టి, తెల్లరంగు పూసి, నీలం చారలు దిద్దడం మొదలుపెట్టాను. నుదురు అయింది, ఒక చెంప అయింది. కంటి మచ్చ కోసం కుంచె నల్లరంగులో ముంచాను.

“అత్తా,” అంది చిట్టి, పెదాలు కదిలీ కదలకుండా. “నేనెప్పుడొస్తాను?”

“ఎక్కడికే? ఇక్కడే ఉన్నావుగా.”

“నేను కాదు. చిట్టి. అన్నయ్య వచ్చాడు కదా, ఇంక చిట్టి ఎప్పుడొస్తుంది? అమ్మ పిలవడం లేదు.”

ఆ పిల్ల ఏడుస్తూ అడిగి ఉంటే ఓదార్చేదాన్ని. బస్సు ఎప్పుడొస్తుందని అడిగినట్టు అడిగింది. ఒకరి ప్రాణం నిలబెడుతున్నానని విర్రవీగుతూ, ఇంకొకరి ప్రాణం మీదికి తెచ్చాను. ఇన్నేళ్ల నా పనితనం తగలబడా! కుంచె గిన్నెలో పడేసి, తడిగుడ్డ తీసుకుని ముఖం తుడవడం మొదలుపెట్టాను.

“వద్దత్తా, వద్దు! అమ్మ మళ్లీ పడుకుంటుంది!” అని చిట్టి నా చేతులు పట్టుకుంది. ఎక్కడిదో అంత బలం. “నేను రానులే అత్తా. ఫర్వాలేదు. అన్నయ్యే ఉంటాడు.”

“నోరు ముయ్యి,” అన్నాను. ఒక చేత్తో పొదివి పట్టుకుని, చారలన్నీ పోయేదాకా తుడిచాను. చెవుల వెనక కూడా తుడిచాను. తర్వాత చెయ్యి పట్టుకుని తల్లి గదిలోకి తీసుకెళ్లాను.

ఆమె మంచం మీద కూర్చుని ఎదురుచూస్తోంది. జుట్టు దువ్వుకుంది, మంచి బట్టలు కట్టుకుంది. పాపని చూసింది గానీ ఆ చూపు పాప మీద ఆగలేదు, వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని తలుపు దాకా వెళ్లింది.

“వాడేడి?” అంది.

“రాలేదమ్మా. రాడు. నేను తేలేను. నా దగ్గరున్నది రంగు, అంతే,” అన్నాను. “ఇది నీ కూతురు. దీన్ని పేరు పెట్టి పిలువు.”

“మీరు వెళ్లండి.”

“వెళ్తాను. పిలువు, వెళ్తాను.”

“వెళ్లమంటుంటే! నా పిల్లాణ్ణి కడిగేసి మళ్లీ నా ముందుకొచ్చి నిలబడతారా?” అని అరిచింది. పక్కనున్న నీళ్ల గ్లాసు విసిరింది. అది నాకు తగల్లేదు, గోడకి తగిలి పగిలింది. తండ్రి పరుగెత్తుకొచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. లోపలికి రావద్దని చేత్తో సైగ చేశాను. ఈ తల్లి ఈ రాత్రి ఏమైపోతుందో, ఆ పాపం ఎవరిదో అని భయపడుతూనే ఉన్నాను. అయినా నేను కదలలేదు.

గ్లాసు పగిలిన చప్పుడికి చిట్టి బెదిరిపోయింది. మొదట పెదాలు బిగబట్టింది. తర్వాత ఆపుకోలేక, ఆరేళ్ల పిల్లలు ఏడ్చినట్టే, నోరంతా తెరిచి గుక్కపట్టి ఏడ్చింది. ఈ నాలుగు వారాల్లో దాని సొంత గొంతు అంత గట్టిగా వినడం అదే మొదటిసారి.

తల్లి చెవులు మూసుకోబోయింది. ఎత్తిన చేతులు అలాగే ఆగాయి. పాప నోట్లోకి చూస్తోంది.

“ఇలా రా,” అంది.

చిట్టి నా వైపు చూసింది. నేను చెయ్యి వదిలేశాను. గాజుపెంకులు లేని పక్కనుంచి మెల్లగా వెళ్లి మంచం దగ్గర నిలబడింది. తల్లి దాని గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది.

“ముందు పన్ను ఏదీ?”

“ఊడిపోయింది,” అంది చిట్టి వెక్కుతూ. “ఆ పక్కది కూడా ఊడింది. మళ్లీ కొంచెం వచ్చింది.”

“ఎప్పుడు?”

“ఎండాకాలంలో.”

“ఎవరు తీశారు?”

“నేనే. నువ్వు పడుకున్నావు కదా.”

తల్లి వేలితో ఆ ఖాళీని తడిమింది. పక్కనే సగం మొలిచిన కొత్త పన్నుని తడిమింది. చాలాసేపు అలాగే తడుముతూ ఉండిపోయింది.

“నొప్పెట్టిందా, చిట్టీ?” అంది.

చిట్టి కాసేపు ఆలోచించింది.

“పెట్టింది,” అంది.