ముందు పొట్టేలు

తెల్లరక్తకణాల మీద పరిశోధన చేస్తున్న అశ్విని, తాండూరు బస్టాండులో తల్లి రుక్కమ్మకు చెప్పింది. "ఇరుకు సందులొస్తే కణం తన లోపలి గట్టి కేంద్రకాన్ని ముందుగాల తోసి చూస్తదమ్మా. అది దూరిన సందులకెల్లే పోతది."

"గింతదానికి గన్నేండ్ల సదువా?" అని గొర్రెలు కాసే రుక్కమ్మ కసిరింది. కంచె సందులో ఆమె ఎప్పుడూ పెద్దకొమ్ముల పొట్టేలునే ముందు తోలుతుంది, అది దూరితే మందంతా దూరుతుందని.

కిక్కిరిసిన వికారాబాద్ బస్సు రాగానే, బొజ్జ ఉన్న మొగుడు అంజిలయ్యను తలుపులోకి తోసింది. ఆయన దూరాడు. వెంటనే తలుపు మూసుకుంది, బస్సు వెళ్లిపోయింది.

"కేంద్రకం పాయె! ఇప్పుడు కణం ఎట్ల బిడ్డా?"

"కొన్ని కణాలు అది లేకున్నా నడుస్తయమ్మా."

రుక్కమ్మ తాపీగా సద్దిమూట విప్పింది.

"నేను ముప్పై ఏండ్ల సంది గట్లనే నడుస్తలేనా?"