పాటకు పిడికెడు పత్తి

నేను అంట్లు తోముతుండగా హైదరాబాదు టీవీవాళ్లు ఫోన్ చేశారు. చేతుల నిండా సబ్బు నురగ. మా ఆయన ఫోన్ తీసి, "ఏమున్నా నాతోనే మాట్లాడండి సార్. ఆమెకేం తెల్దు" అన్నాడు. పాడేది నేను, అన్నీ తెలిసింది ఆయనకు. నవ్వొచ్చి, గిన్నెలో తల పెట్టి నవ్వుకున్నాను.

రెండేళ్ల కిందట ఎమ్మిగనూరులో, పెళ్లి వీడియోలు తీసే మారుతి అన్న గదిలో, చప్పుడొస్తుందని ఫ్యాను ఆపేసి, చెమటలు కారుతుండగా నా మొదటి పాట రికార్డు చేశాం. నెల తిరిగేసరికి ఆదోని ఆటోల్లో అదే మోగింది. తర్వాత ఇంకో రెండు. మూడూ హిట్టే. ఫోన్లో చూస్తే ప్రతి పాట వీడియో కిందా 'గానం: వనజ' అని ఉంటుంది. దాని పైన, ఇంకా పెద్ద అక్షరాల్లో, 'రచన, బాణీ: మంజునాథ్'. మంజునాథ్ అంటే మా ఆయన. జన్మలో ఆయన చేసిన రచనల్లా బైకు వెనక తన పేరు రాయించుకోవడమే. ఆ పాటలన్నీ మా అత్త ఎల్లమ్మవి.

మా అత్త ముప్పై ఏళ్లు పత్తి చేలల్లో పాట ఎత్తిన మనిషి. పాట ఎత్తేవాళ్ల చెయ్యి పత్తి తీయడంలో వెనకబడుతుంది. కూలేమో పత్తి తూకం మీద. అందుకని సాలు చివరికి రాగానే తక్కిన ఆడవాళ్లు తలా పిడికెడు పత్తి ఆమె ఒడిలో వేసేవాళ్లు. ఎవరూ అడగక్కర్లేదు. పెళ్లయిన కొత్తలో నేనూ వేశాను. ఆ పాటలు నేర్చుకున్నదీ అక్కడే.

ఆ అత్తే, నేను రికార్డింగుకు బయల్దేరినప్పుడల్లా "పాటలు పాడితే సంగటి ఉడుకుతాదా?" అని దెప్పేది. నేను ఇంటికొచ్చేసరికి పొద్దుటి అంట్లు ఎక్కడివక్కడే ఉండేవి. ఆమెకు చదువు రాదు. పాట కింద ఎవరి పేరుందో తెలియదు. నాకు తెలుసు. ఇంట్లో గొడవెందుకని రెండేళ్లు నోరు మూసుకున్నాను. మొగుడు మూయించాడని చెప్పుకోవడం తేలిక గానీ, మూసుకున్నది నేనే. దానికి నాకిప్పటికీ సిగ్గే.

ఫోన్ చేసిన ఆ టీవీవాళ్ల పాటల పోటీలో ఆఖరి రౌండుకు చేరాను. "పాట ఎవరిదని అడుగుతారు. మా ఆయన రాసినాడని సెప్పు. ఇంకేం వాగొద్దు" అని మా ఆయన వారం రోజులు వల్లె వేయించాడు.

బయల్దేరే రోజు పొద్దున అంట్లు ముందేసుకుని కూర్చున్నాను. అత్త వచ్చి పక్కన చతికిలబడింది.

"పక్కింటి హేమ సెప్పింది. ఆ పాటలు మావాడు రాసినాడని ఉందంట గదా?"

తలెత్తలేకపోయాను. "ఉంది అత్తా."

"నీకు తెల్సా?"

"తెలుసు."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆమె నా చేతిలోని పీచు లాక్కుంది.

"లెయ్. సన్నీళ్లలో నానితే గొంతు పట్టుకుంటాది. పాటెత్తేదానికి పిడికెడు ఎయ్యల్ల గదా."

అని, నా అంట్లు తోమడం మొదలుపెట్టింది. పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఆ ఇంట్లో నా చేతిలో పని ఇంకొకరు అందుకోవడం అదే మొదటిసారి. ఏడుస్తూ బస్సెక్కాను. ఊరు వదిలి పోతున్నందుకనుకుని మా ఆయన ఓదార్చాడు.

స్టేజీ మీద లైట్లు వేడిగా ఉన్నాయి. మా ఆయన కొత్త చొక్కాతో మొదటి వరసలో కూర్చున్నాడు. పాట మొదలుపెట్టబోతుంటే యాంకరమ్మాయి అడిగింది: "ఇంత మంచి పాట మీ ఆయన రాశారట కదా?"

కెమెరా ఆయన వైపు తిరిగింది. ఆయన అప్పటికే చేతులు జోడించి లేచాడు.

"లేదమ్మా" అన్నాను. "మా అత్త కట్టింది. ఆమె పేరు ఎల్లమ్మ. పత్తి చేన్లో ఆమె పాటెత్తితే, మేమంతా తలా పిడికెడు పత్తి ఆమె ఒళ్లో ఏసేటోళ్లం. రెండేళ్ల నుంచి నేను ఎయ్యలేదు. ఇప్పుడేస్తాండాను."